ఇంట్లో ఇన్సులిన్ వేసేవారు తెలుసుకోవలసిన సంగతులు

వార్డులో ఉన్నన్నాళ్ళూ ఇన్సులిన్ వేసే బాధ్యత మాది. డిశ్చార్జి అయిన సాయంత్రం నుంచి అది మీది. డాక్టరుగారు చీటీలో "ఉదయం 20, రాత్రి 12" అని రాస్తారు. మేము సీసా, సిరంజీలు చేతికిచ్చి పది నిమిషాలు చెబుతాము. మీరు ధ్యాసంతా బస్సు మీద పెట్టి వింటారు. కమలాపురమో, ప్రొద్దుటూరో, పులివెందులో చేరి, ఆ రాత్రి సీసా చేతిలో పట్టుకున్నప్పుడు చెప్పినదాంట్లో సగం గుర్తుకు రాదు. అది సహజమే. ట్రైనింగులో మొదటిసారి ఇంజక్షన్ వేసినప్పుడు నా చెయ్యి కూడా వణికింది.

ఇంట్లో సూది వేసేది ఎవరో వారే ఈ వ్యాసం చదవాలి. కోడలైతే కోడలు, మనుమడైతే మనుమడు. చదువు రానివారు బడికి పోయే పిల్లలచేత చదివించుకొని వినండి. చెప్పవలసినవాటిలో అన్నింటికన్నా ముఖ్యమైనది సీసా మీద ఉండే ఒక అంకె. కాబట్టి దానితోనే మొదలు పెడతాను.

సీసా మీద అంకె, సిరంజి మూత రంగు

కొన్నేళ్ళ క్రితం ఒక తల్లిని మధ్యాహ్నం పన్నెండున్నరకు ఆటోలో తెచ్చారు. ఒళ్ళంతా చెమటతో తడిసిపోయి ఉంది. పిలిస్తే పలకడం లేదు. వేలు గుచ్చి చూస్తే షుగర్ 32. వెంటనే నరానికి గ్లూకోజు ఎక్కించాము. కాసేపటికి కళ్ళు తెరిచి "నేను యాడుండాను?" అని అడిగింది. ఆమె మూడేళ్ళుగా ఇన్సులిన్ వాడుతున్న మనిషి. మోతాదు మారలేదు, పొద్దున సంగటి కూడా తిన్నది. మరి ఎందుకిలా అయింది?

సీసా తెమ్మని చెప్పాము. చూస్తే అది ఇక్కడి సీసా కాదు. కూతురు కువైట్ నుంచి సెలవుకు వస్తూ, అమ్మకు మంచి మందు అని నాలుగు సీసాలు తెచ్చింది. మందు నిజంగా మంచిదే, రకం కూడా అదే. కాని ఆ సీసా మీద 100 అని ఉంది. మన దగ్గర సీసాల్లో అమ్మే ఇన్సులిన్ ఎక్కువగా 40ది. అంటే ఒక మిల్లీలీటరులో 40 యూనిట్లు ఉంటాయి. గల్ఫ్ దేశాల్లోనూ, ప్రపంచంలో చాలా చోట్లా దొరికే సీసా 100ది. అందులో ఒక మిల్లీలీటరుకు 100 యూనిట్లు. రెండు సీసాలూ చూడటానికి ఒకేలా ఉంటాయి. ఒకే సైజు చెంబుల్లో పలచటి పానకం, చిక్కటి పానకం పోసి పెట్టినట్లు అనుకోండి.

సిరంజి కూడా రెండు రకాలు. 40 సీసాకు వాడేదానికి ఎర్ర మూత ఉంటుంది, దాని మీద కూడా 40 అని రాసి ఉంటుంది. 100 సీసాకు వాడేదానికి నారింజ రంగు మూత, దాని మీద 100 అని ఉంటుంది. ఆ ఇంట్లో ఉన్నవి ఎర్ర మూతవి. ఎప్పటిలాగే 20 గీత దాకా లాగి వేశారు. ఎర్ర మూత సిరంజిలో 20 గీత అంటే అర మిల్లీలీటరు. కువైట్ సీసా నుంచి అర మిల్లీలీటరు తీస్తే అది 50 యూనిట్లు. అంటే ఆ తల్లికి రెండున్నర రెట్లు మందు పడింది. కూతురు ప్రేమతో తెచ్చింది, కోడలు శ్రద్ధగా వేసింది. ఇద్దరిలో ఎవరినీ తప్పు పట్టలేము. వాళ్ళకు ఈ అంకె సంగతి ఎవరూ చెప్పలేదు, అంతే.

ఇది తిరగేసి కూడా జరుగుతుంది. 40 సీసాకు నారింజ మూత సిరంజి వాడి 20 గీత దాకా లాగితే పడేది 8 యూనిట్లే. అప్పుడు మనిషి పడిపోడు కాబట్టి ఎవరికీ తెలియదు. షుగర్ మాత్రం రోజురోజుకూ పెరుగుతుంది, కాలి పుండు మానదు. "ఇన్సులిన్ వేసినా పని చేయడం లేదు" అంటూ వస్తారు.

కాబట్టి కొత్త సీసా తెరిచిన ప్రతిసారీ, కొత్త సిరంజీల ప్యాకెట్టు కొన్న ప్రతిసారీ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూడండి. సీసా మీద 40 ఉంటే సిరంజి మీద 40 ఉండాలి. 100 ఉంటే 100 ఉండాలి. షాపులో "ఇన్సులిన్ సిరంజి ఇవ్వండి" అని ఊరికే అడగకుండా ఖాళీ సీసాను వెంట తీసుకుపోయి చూపించండి. అంకెలు కలవకపోతే లెక్కలు వేసి సర్దుకుందామని చూడవద్దు. సరైన సిరంజి తెచ్చుకోండి.

పెన్ను వాడేవారికి ఒక మాట. పెన్నులోని మందు సాధారణంగా 100ది, కాని పెన్ను తానే యూనిట్లు లెక్క పెడుతుంది కాబట్టి చిక్కు లేదు. అయితే సూది అయిపోయిందని పెన్ను గొట్టంలోకి సిరంజి గుచ్చి మందు లాగవద్దు. పైన చెప్పిన ప్రమాదమే మళ్ళీ వస్తుంది.

ఇన్సులిన్ అంటే భయం

"సిస్టరమ్మా, సూది దాకా వచ్చిందంటే ఇంక ఆఖరేనా?" అని గొంతు తగ్గించి అడుగుతారు. కాదు. కడుపులో జీర్ణాశయం వెనుక క్లోమ గ్రంథి ఉంటుంది. అది తయారు చేసే ఇన్సులిన్ వల్లనే మనం తిన్న అన్నంలోని చక్కెర రక్తంలో నుంచి కండల్లోకి పోయి శక్తిగా మారుతుంది. ఆ గ్రంథి అలసిపోతే బయటి నుంచి అందిస్తాము. ఆపరేషన్ కోసమో, పెద్ద పుండు కోసమో, గర్భంతో ఉన్నప్పుడో కొన్నాళ్ళు వేసి మళ్ళీ ఆపేసేవారూ ఉన్నారు. పిల్లలకు, పడుచువారికి వచ్చే టైప్ 1 షుగర్‌లో మాత్రం శరీరంలో ఇన్సులిన్ దాదాపు ఉండదు. వారికి అది జీవితాంతం అన్నం, నీళ్ళలాంటిది.

1921లో కెనడాలోని టొరంటో నగరంలో బాంటింగ్, బెస్ట్ అనే ఇద్దరు దీన్ని కనుగొన్నారు. 1922 జనవరిలో లియొనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ళ అబ్బాయికి మొదటిసారి వేశారు. అంతకు ముందు ఇలాంటి పిల్లలను అర్ధాకలితో ఉంచి, ఎముకల గూడులా మారి చనిపోతుంటే చూడటం తప్ప వైద్యులకు మరో దారి ఉండేది కాదు. ఆ అబ్బాయి ఆ తరువాత మరో పదమూడేళ్ళు బ్రతికాడు.

ముస్లిం కుటుంబాలవారు, హిందూ కుటుంబాలవారు మరో ప్రశ్న కూడా అడుగుతారు. ఇది పంది నుంచి, ఆవు నుంచి తీస్తారట గదా అని. పూర్వం అలాగే తీసేవారు. 1982 నుంచి మనిషి ఇన్సులిన్‌ను సూక్ష్మజీవుల సాయంతో తయారు చేసి అమ్మడం మొదలైంది. ఇప్పుడు మన దగ్గర మామూలుగా వాడేది ఇదే. ఆ విషయంలో మనసు కష్టపెట్టుకోవద్దు.

ఎవరైనా "సూదులు ఆపేయండి, నా మందుతో షుగర్ మాయం" అంటే, ముఖ్యంగా టైప్ 1 పిల్లల విషయంలో, వినవద్దు. రెండు మూడు రోజులు ఇన్సులిన్ ఆపితే ఆ పిల్లల ప్రాణానికే ముప్పు. నేను ప్రార్థన చేసే మనిషినే. అయినా సూది ఆపి ప్రార్థన చేయండి అని ఏనాడూ ఎవరికీ చెప్పలేదు.

సూదికి ముందు వేలు గుచ్చి చూడండి

గ్లూకోమీటరు కొని బీరువాలో దాచేవారు చాలామంది. స్ట్రిప్పులు ఖరీదని అర్థమవుతుంది. రోజూ నాలుగుసార్లు చూడనక్కరలేదు. కాని ఇన్సులిన్ కొత్తగా మొదలు పెట్టినప్పుడు, మోతాదు మార్చినప్పుడు, ఒంట్లో బాగాలేనప్పుడు సూదికి ముందు తప్పనిసరిగా చూడాలి. మిగతా రోజుల్లో ఒకనాడు పరగడుపున, ఒకనాడు రాత్రి భోజనానికి ముందు, ఒకనాడు తిన్న రెండు గంటలకు, ఇలా మార్చి మార్చి చూస్తే తక్కువ స్ట్రిప్పులతోనే మొత్తం రోజు ఎలా ఉందో తెలుస్తుంది. రోజూ పరగడుపునే చూస్తే మధ్యాహ్నం ఏమవుతున్నదో ఎప్పటికీ తెలియదు.

చేతులు సబ్బుతో కడిగి బాగా తుడిచి ఆరనివ్వాలి. ఇది శుభ్రత కోసమే అనుకుంటారు, అంకె కోసం కూడా. ఒక మే నెలలో ఒకాయన మీటరులో 412 వచ్చిందని పరుగున వచ్చాడు. వచ్చే ముందు మనుమరాలికి బేనీషా మామిడిపండు కోసి ఇచ్చాడట. చేతులు కడిగించి మళ్ళీ గుచ్చితే 168. ఆ 412ను నమ్మి ఇంట్లో మందు పెంచి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి.

వేలి కొసన మధ్యలో కాకుండా పక్కన గుచ్చండి, నొప్పి తక్కువ. రోజుకొక వేలు మార్చండి. రక్తం రాకపోతే చెయ్యి కిందికి వేలాడదీసి, అరచేతి వైపు నుంచి మెల్లగా నిమరండి. వేలి కొసను గట్టిగా పిండితే అంకె తప్పుగా రావచ్చు. స్ట్రిప్పుల డబ్బా మూత వెంటనే పెట్టాలి, ఎండలో ఉంచకూడదు, గడువు తేదీ చూడాలి. ల్యాబు పరీక్షకూ మీటరుకూ 10, 15 అంకెలు తేడా ఉంటే మీటరు చెడిపోయినట్లు కాదు. మంచి మీటరుకు కూడా నూటికి 15 దాకా తేడా ఉండవచ్చు.

విదేశాల నుంచి వచ్చిన కొన్ని మీటర్లలో 6.2, 11.4 లాంటి చిన్న అంకెలు కనిపిస్తాయి. అది వేరే కొలత. దాన్ని 18తో గుణిస్తే మన లెక్క వస్తుంది. 11.4 అంటే 205. "పదకొండుకు పడిపోయింది" అని కంగారుపడి చక్కెర నోట్లో పోయకండి.

చాలామందికి పరగడుపున 80 నుంచి 130 మధ్య, తిన్న రెండు గంటలకు 180 లోపు ఉండటం మంచిది. బాగా వయసు మళ్ళినవారికి, కిడ్నీ జబ్బు ఉన్నవారికి, గుండె జబ్బు ఉన్నవారికి డాక్టరుగారు ఇంకొంచెం ఎక్కువ ఉన్నా పరవాలేదంటారు. పక్కింటివారి అంకెతో పోల్చుకోవద్దు. మీ చీటీలో రాసిన అంకే మీది.

సంగటి తింటే షుగర్ పెరగదన్నది మన వైపు గట్టి నమ్మకం. రాగి మంచిదే. కాని రెండు పెద్ద ముద్దలు, అందులో సగం బియ్యం ఉంటే ఎందుకు పెరగదు? నాతో వాదించవద్దు, తిన్న రెండు గంటలకు ఒక స్ట్రిప్పు ఖర్చు పెట్టి మీరే చూడండి.

సూది వేసే పద్ధతి

మజ్జిగలా తెల్లగా ఉండే ఇన్సులిన్ అయితే (30/70 అని రాసి ఉండేది ఇదే) సీసాను రెండు అరచేతుల మధ్య పదిసార్లు దొర్లించి, పదిసార్లు మెల్లగా తలకిందులు చేయండి. అడుగున తెల్లటి మడ్డి మిగలకూడదు. టానిక్కు సీసాలా గట్టిగా ఊపవద్దు, నురగ వచ్చి మోతాదు తప్పుతుంది. నీళ్ళలా తేటగా ఉండే రకాన్ని కలపనక్కరలేదు. తేటగా ఉండవలసినది మసకబారినా, మజ్జిగ రకంలో గడ్డలు కనిపించినా పారవేయండి.

సీసా మూతను స్పిరిట్ దూదితో తుడవండి. ఎన్ని యూనిట్లు కావాలో అంత గాలి సిరంజిలోకి లాగి సీసాలోకి వదలండి. సీసాను తలకిందులుగా పట్టుకొని మందు లాగండి. బుడగలు ఉంటే గోటితో తట్టి పైకి పంపి మళ్ళీ సీసాలోకి తోసేయండి. బుడగ ప్రాణం తీస్తుందని భయపడతారు. చర్మం కింద వేసే సూదితో ఆ భయం లేదు. బుడగ ఉన్నంత మేర మందు తక్కువ పడుతుంది, అదే నష్టం. తేట మందు, మజ్జిగ మందు కలిపి ఒకే సిరంజిలో తీయమని రాసి ఉంటే ముందు తేటది, తరువాత మజ్జిగది తీయాలి. రోజుకొకసారి వేసే గ్లార్జిన్‌ను మాత్రం దేనితోనూ కలపకూడదు.

పొట్ట మీద వేయడం అన్నింటికన్నా సులభం. బొడ్డు చుట్టూ రెండు వేళ్ళ వెడల్పు వదలండి. తొడ పైభాగం బయటి వైపు, పిరుదు పైభాగం కూడా మంచివే. చర్మాన్ని రెండు వేళ్ళతో మెల్లగా మడతగా ఎత్తి, సూదిని నిటారుగా గుచ్చండి. బాగా బక్కగా ఉన్నవారికి, చిన్న పిల్లలకు కొంచెం ఏటవాలుగా గుచ్చాలి. మందు మెల్లగా తోసి, పది అంకెలు లెక్కపెట్టి, అప్పుడు సూది తీయండి. రుద్దవద్దు.

రోజూ ఒకే చోట వేస్తే అక్కడ కొవ్వు గడ్డలా పేరుకుంటుంది. నొప్పి తెలియదు కాబట్టి రోగులు అక్కడే వేయమంటారు. ఆ గడ్డలోకి పోయిన మందు ఒకరోజు పనిచేస్తుంది, ఒకరోజు పనిచేయదు. వారానికొకసారి పొట్టను చేత్తో తడిమి చూడండి. గడ్డ తగిలితే ఆ చోటు వదిలేసి, నిన్న వేసిన చోటికి ఒక వేలి వెడల్పు దూరంలో వేస్తూ పోండి. గడ్డ వదిలి మంచి చోట వేయడం మొదలు పెట్టినప్పుడు అదే మోతాదు ఎక్కువగా పనిచేయవచ్చు. అందుకని ముందుగా మాతో మాట్లాడి, ఆ వారమంతా షుగర్ చూసుకుంటూ ఉండండి.

30/70 రకాన్ని, తేటగా ఉండే రెగ్యులర్ రకాన్ని భోజనానికి అరగంట ముందు వేయాలి. వేసే ముందు పొయ్యి మీద అన్నం ఉడికిందో లేదో చూసుకోండి. సూది వేశాక "ఇప్పుడు ఆకలిగా లేదు, తరువాత తింటాను" అంటే ఒప్పుకోవద్దు. ఒక పూట మరచిపోతే తరువాతి పూట రెండింతలు వేయకూడదు.

మన ఎండలకు ఇన్సులిన్

ఏప్రిల్, మే నెలల్లో మన కడప జిల్లా ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలు. కడప బండలు పరిచిన మిద్దె ఇంట్లో మధ్యాహ్నం ఎలా ఉంటుందో మీకు చెప్పనక్కరలేదు. ఆ వేడికి ఇన్సులిన్ మెల్లగా బలం కోల్పోతుంది, చూడటానికి మాత్రం ఏమీ తేడా కనిపించకపోవచ్చు.

తెరవని సీసాలను ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. తలుపు అర మంచి చోటు. మంచు పెట్టెలో పెట్టకూడదు, దాని పక్కన ఆనించకూడదు. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు. తెరిచిన సీసా మీద ఆ రోజు తేదీ రాసి నాలుగు వారాల్లో వాడేయండి, మందు మిగిలినా సరే.

ఫ్రిజ్ లేనివారు దిగులు పడవద్దు. పెద్ద మట్టికుండలో ఇసుక పోసి, అందులో చిన్న కుండ పెట్టి, మధ్య ఇసుకను నీళ్ళతో తడపండి. సీసాను నీళ్ళు తగలని చిన్న డబ్బాలో వేసి లోపలి కుండలో పెట్టి, పైన తడిగుడ్డ కప్పండి. గాలి ఆడే నీడలో ఉంచి పొద్దున, సాయంత్రం ఇసుక తడపండి. తాగే నీళ్ళ కుండ చల్లబడినట్లే ఇదీ చల్లబడుతుంది. అయితే ఇది ఫ్రిజ్‌తో సమానం కాదు, కాబట్టి ఒకేసారి నాలుగు సీసాలు కొని పెట్టుకోవద్దు. ప్రయాణంలో సీసాను బండి డిక్కీలో, బస్సు కిటికీ పక్కన ఎండలో పెట్టవద్దు. తడిగుడ్డ చుట్టిన డబ్బాలో వేసి చేతిసంచిలో ఉంచుకోండి.

షుగర్ పడిపోయినప్పుడు

70 కన్నా తగ్గితే పడిపోయినట్లే. ఉన్నట్టుండి చెమటలు, చేతుల వణుకు, గుండె దడ, విపరీతమైన ఆకలి, చిరాకు, పొంతన లేని మాటలు కనిపిస్తాయి. కొందరు తాగినవారిలా తూలుతారు. రాత్రి నిద్రలో పడిపోతే పీడకలలు వస్తాయి, పొద్దున లేచేసరికి బట్టలు తడిసి తలనొప్పిగా ఉంటుంది.

మనిషి మింగగలిగితే మూడు చెంచాల చక్కెర లేదా గ్లూకోజు పొడి అర గ్లాసు నీళ్ళలో కలిపి తాగించండి. పదిహేను నిమిషాలు ఆగి మళ్ళీ వేలు గుచ్చి చూడండి. ఇంకా 70 లోపే ఉంటే మరోసారి ఇవ్వండి. తేరుకున్నాక అన్నమో, రెండు ఇడ్లీలో పెట్టండి. మీటరు దొరకకపోతే వెతుక్కుంటూ కూర్చోవద్దు, ముందు చక్కెర ఇవ్వండి. లడ్డూలు, చాక్లెట్లు వద్దు. వాటిలోని నెయ్యి, కొవ్వు వల్ల చక్కెర రక్తంలోకి ఆలస్యంగా చేరుతుంది. వోగ్లిబోస్ అనే మాత్ర వాడేవారికి మామూలు చక్కెర కూడా ఆలస్యంగానే పనిచేస్తుంది. వారి ఇంట్లో గ్లూకోజు పొడి ప్యాకెట్టు ఎప్పుడూ ఉండాలి.

స్పృహ లేని మనిషి నోట్లో ఏమీ పోయకండి. చక్కెర నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోను చేయండి.

అందరూ "నాకు ఎట్లో అయితాంది" అని చెప్పలేరు. పక్షవాతంతో మాట పోయినవారు, మతిమరుపు ఉన్న అవ్వలు, చిన్న పిల్లలు చెప్పలేరు. కొన్ని రక్తపోటు మాత్రలు వాడేవారికి దడ, వణుకు తెలియవు. ఈ సందర్భంలో ఒక సంగతి చెబితే మీరు నవ్వుతారేమో. షుగర్ వ్యాధి పిల్లులకు, కుక్కలకు కూడా వస్తుంది. కొన్ని దేశాల్లో పిల్లిని పెంచుకొనేవారు దానికి పొద్దున, రాత్రి పన్నెండు గంటల తేడాతో ఇన్సులిన్ వేస్తారు. చెవి అంచున గుచ్చి ఒక చుక్క రక్తంతో షుగర్ చూస్తారు. పిల్లి నోరు తెరిచి ఏమీ చెప్పదు కదా. అందుకని అది ఎంత తిన్నది, ఎన్ని నీళ్ళు తాగింది, తూలుతున్నదా, మూల నక్కి పడుకున్నదా అని కనిపెట్టి పుస్తకంలో రాస్తారు. మూగజీవానికి వాళ్ళు చేస్తున్న ఆ పని, మాట రాని మన అవ్వకు మనం చేయలేమా?

చిన్న నోటుపుస్తకం ఒకటి పెట్టండి. తేదీ, వేళ, షుగర్ అంకె, వేసిన యూనిట్లు, తిన్నది సరిగా తిన్నారా లేదా. ఇంతే చాలు. ఇంట్లో ఇద్దరు సూదులు వేసేవారు ఉంటే ఈ పుస్తకం మరీ అవసరం. కొడుకు వేసి పొలానికి పోయాడు, కోడలికి తెలియక మళ్ళీ వేసింది, ఇలాంటి కేసులు మేము చూశాము. సూది వేసిన వెంటనే రాయాలి. రాయలేదంటే అడిగి తెలుసుకొనే వరకూ రెండోవారు వేయకూడదు.

జ్వరం, వాంతులు, ఉపవాసాలు

"ఏమీ తినలేదు, అందుకని సూది వేయలేదు" అని మూడు రోజుల తరువాత తెస్తారు. జ్వరం వచ్చినప్పుడు, చీము పట్టినప్పుడు తిండి తగ్గినా షుగర్ పెరగవచ్చు. టైప్ 1 వారికి ఇన్సులిన్ పూర్తిగా ఆపనే కూడదు. అలాంటి రోజుల్లో నాలుగు గంటలకొకసారి వేలు గుచ్చి చూసి, మాకు ఫోను చేసి ఎంత వేయాలో అడగండి. గంజి, మజ్జిగ, నీళ్ళు కొంచెం కొంచెంగా పట్టించండి. వాంతులు ఆగకపోయినా, కడుపునొప్పితో రొప్పుతున్నా, నోటి నుంచి మాగిన పండు వాసన వస్తున్నా, మత్తుగా ఉన్నా ఫోను కాదు, మనిషినే తీసుకురండి. అర్ధరాత్రి అయినా సరే.

సూదికి ముందు చూస్తే షుగర్ 70 లోపు ఉందనుకోండి. ముందు చక్కెర ఇచ్చి సరిచేయండి, ఆ పూట సూది సంగతి అడిగి తెలుసుకోండి. పూర్తిగా మీ అంతట మీరు మానేయవద్దు, అలాగని చీటీలో ఉంది కదా అని అదే మోతాదు వేసేయవద్దు.

రంజాన్ ఉపవాసాలు, శివరాత్రి, శనివారాలు, మా వారి లెంటు రోజులు, అందరివీ ఉన్నాయి. ఉపవాసం ఉండాలనుకునేవారు నెల ముందే వచ్చి డాక్టరుగారికి చెప్పండి. కొందరికి మోతాదు, వేళలు మార్చి అనుమతిస్తారు. కొందరికి వద్దంటారు. మాకు చెప్పకుండా ఉపవాసం ఉండి, మామూలు మోతాదే వేసుకున్నవారితోనే ఇబ్బంది. ఉపవాసంలో ఉన్నప్పుడు 70 లోపుకు పడిపోతే అక్కడితో విరమించాలి.

వాడిన సూదులు

ఒక సూది ఒకసారికే అన్నది నియమం. ఖర్చు వల్ల అందరూ అలా చేయలేకపోతున్నారని మాకు తెలుసు. కాని మొన దెబ్బతిన్న సూది చర్మాన్ని చీరుతుంది, గడ్డలు కట్టడానికి అదీ ఒక కారణం. ఏం జరిగినా ఒకరి సూది, ఒకరి పెన్ను మరొకరికి వాడకూడదు, వారు భార్యాభర్తలైనా సరే. వేలు గుచ్చే సూదికీ ఇదే మాట.

వాడిన సూదులను చెత్తకుప్పలో వేస్తే మునిసిపాలిటీ పనిచేసే అక్క చేతికి గుచ్చుకుంటాయి. ఫినాయిల్ డబ్బా లాంటి మందపాటి ప్లాస్టిక్ డబ్బాలో వేసి, మూత గట్టిగా పెట్టి, పిల్లలకు అందకుండా ఉంచండి. నిండిన తరువాత చెకప్‌కు వచ్చేటప్పుడు మా డ్రెస్సింగు గదిలో ఇవ్వండి.

ఆ చెకప్‌కు వచ్చినప్పుడు రాసిన పుస్తకం, మీటరు, ఇప్పుడు వాడుతున్న సీసా, ఒక సిరంజి తప్పకుండా తీసుకురండి. సీసాను తడిగుడ్డలో చుట్టుకొని రండి. ఇంట్లో సూది వేసే మనిషి కూడా రావాలి. నా ఎదుట ఒకసారి మందు లాగి చూపించమంటాను, కోపం తెచ్చుకోకండి.